చర్చ: పక్షం వహించి తీసిన యుద్ధ చిత్రం, తన వాదనకి అడ్డొచ్చిన వాళ్ళని వదిలెయ్యొచ్చా?

ఏటిగట్టు (పి.గన్నవరం):

మొన్న ఆదివారం అమ్మా నేనూ కూర్చుని అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు మైకేల్ మూర్ తీసిన ‘ఫారెన్‌హీట్ 9/11’ చూశాం. పాత చిత్రమే. 2004లో కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి అందుకుంది. 2003 మార్చిలో అమెరికా ఇరాక్ మీదికి ఎందుకెళ్ళింది, చెప్పిన కారణాలు నిజమేనా, అక్కడ చనిపోయిన సైనికులు ఎలాంటి ఇళ్ళ బిడ్డలు అన్నది అందులో సంగతి. అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ అంటే మూర్‌కి గిట్టదు. ఆ సంగతి ఆయన దాచుకోడు కూడా.

చూసి నాలుగు రోజులైంది. మనసు కుదుటపడలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మా అమ్మ 1988లో ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. అప్పుడు నాకు నాలుగేళ్ళు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అమ్మ పనిచేసే ఇంటివాళ్ళు కారెక్కి సౌదీ వెళ్ళిపోయారు. అమ్మ పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, ఏడు నెలల జీతం కూడా. మన వైపు ఆడవాళ్ళే ఇంకో ముగ్గురితో కలిసి బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరింది. ఎడారిలో గుడారాల్లో పదకొండు రోజులు. ట్యాంకరు వచ్చినప్పుడే నీళ్ళు. చివరికి అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కి బొంబాయిలో దిగింది. అలా రెండు నెలల్లో లక్షకు పైగా మనవాళ్ళని తెచ్చారు. అమ్మ ఇంటికొచ్చిన రోజు నేను గుర్తుపట్టలేదు. మామ్మ చీర వెనక దాక్కున్నాను.

ఆ అమ్మ పక్కన కూర్చునే నేను ఈ చిత్రం చూసింది. బాంబులు పడకముందు బాగ్దాద్ ఎలా ఉండేదో చూపిస్తాడు మూర్. పిల్లలు గాలిపటం ఎగరేస్తుంటారు, పెళ్ళి జరుగుతుంటుంది, అందరూ నవ్వుతుంటారు. మరుక్షణం బాంబులు. అది చూస్తే ఆ దేశాన్ని సద్దాం అనేవాడు ఏలుతున్నాడనే తట్టదు. 1988 మార్చిలో అతని సైన్యం హలబ్జా అనే కుర్దుల ఊరి మీద విషవాయువు వదిలితే సుమారు అయిదు వేలమంది పోయారు. ఆ తర్వాత రెండేళ్ళకే కువైట్. గాలిపటం ఎగరేసే పిల్లాడు నిజమే. ఆ వెనక ఉన్నవి కూడా నిజాలేగా? ఆ కాస్త చెప్పి ఉంటే వాదన ఏం తరిగిపోయేది? నాకు ఒళ్ళు మండింది. మా అమ్మ పడ్డది చెరిపేసినట్టు అనిపించింది.

అలాగని చిత్రాన్ని తీసిపారెయ్యలేకపోతున్నాను. అమెరికాలో ఫ్లింట్ అనే ఊళ్ళో ఒక తల్లి. ఫ్యాక్టరీలు మూతపడ్డ ఊరది. తన పిల్లల్ని సైన్యంలో చేరమని చెప్పింది ఆవిడే. రోజూ ఇంటి ముందు జెండా కట్టేది. యుద్ధం వద్దని ఊరేగేవాళ్ళంటే ఆవిడకి కోపం. కొడుకు ఇరాక్‌లో పోయాక అతని చివరి ఉత్తరం చదువుతుంది. తర్వాత వైట్‌హౌస్ దగ్గరికి వెళ్తే, దారినపోయే ఒకామె ఇదంతా నాటకం అంటుంది. ఆ తల్లి దుఃఖంతో నడుం వంగిపోయి నిలబడలేకపోతుంది. మా అమ్మ టీవీ వంక చూస్తూ “ఆవిడకి ఎవరైనా మంచినీళ్ళివ్వండ్రా” అంది.

ఇంకొకటి. ఆ తల్లి మాటలు అమ్మకి నేను తెలుగులో చెప్పాల్సొచ్చింది. ఇళ్ళు కూలి, దేవుణ్ణి పిలుస్తూ శాపాలు పెట్టే ఇరాకీ ఆడమనిషి దగ్గర మాత్రం నా అవసరం లేకపోయింది. నేను కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకునే లోపు అమ్మకి అంతా అర్థమైపోయింది. అయిదో తరగతి చదివిన అమ్మకి ఆ ఇంటి పని నేర్పిన అరబ్బీ అది.

అందుకే అడుగుతున్నాను. పక్షం తీసుకోవడం తప్పనను. తనకి అడ్డొచ్చే బాధని తెరమీదికి రానివ్వకపోవడం తప్పు కాదా?

తెలుగు మాస్టారు (పాలకొల్లు):

బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అయినా నీతో ఏకీభవించను.

2003లో జరిగిన యుద్ధానికి అమెరికావాళ్ళు చెప్పిన కారణం హలబ్జా కాదు, కువైట్ కాదు. ఇరాక్ దగ్గర మహా వినాశకర ఆయుధాలున్నాయన్నారు. తర్వాత వాళ్ళ బృందమే దేశమంతా వెతికి నిల్వలు లేవని 2004లో నివేదిక ఇచ్చింది. మూర్ ఆ కారణాన్ని విచారించాడు. సద్దాం దుర్మార్గాల్ని పేపర్లూ టీవీలూ ఏడాది పొడుగునా చెబుతూనే ఉన్నాయి, ఆ మాట చెప్పే యుద్ధానికి జనాన్ని ఒప్పించారు. ఎవరూ చూపించనిది గాలిపటం ఎగరేసే పిల్లాణ్ణే. చెప్పని మాటేదో అది చెప్పడానికే ఒకడు సినిమా తీస్తే, చెప్పిన మాట మళ్ళీ ఎందుకు చెప్పలేదని అడగడం న్యాయమా?

మన సంగతీ చూడు. 1990 ఆగస్టులో విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాంని కలిశారు. ఇద్దరూ కౌగిలించుకున్న ఫోటో చూసి ప్రపంచం ముక్కున వేలేసుకుంది. ఆ కౌగిలి లేకపోతే మీ అమ్మగారి బస్సు బాగ్దాద్ దాటేదో లేదో. ఆ ఫోటో ఒక్కటే పట్టుకుని ఎవరైనా సినిమా తీస్తే మన దేశం ఎలా కనబడుతుంది? నేనూ ఆ రోజు ఫోటో చూసి తిట్టినవాణ్ణే. ఇవాళ తిట్టలేను.

ధవళేశ్వరం:

మాస్టారూ, మీరు మూర్‌ని మరీ వెనకేసుకొస్తున్నారు. 2001 సెప్టెంబరు 11న అమెరికా మీద జరిగిన దాడుల తర్వాత సౌదీవాళ్ళని విమానాల్లో దాటించేశారన్న అనుమానం ఆ చిత్రంలో గట్టిగా రేపుతాడు. ఆ విమానాలు గగనతలం తెరిచాకే ఎగిరాయని, లోపాయికారీగా ఏమీ జరగలేదని ఆ దాడుల మీద విచారణ జరిపిన 9/11 కమిషన్ 2004 జులైలో ఇచ్చిన నివేదిక తేల్చింది. అనుమానాన్ని ఆధారంలా చూపించేవాడి చేతిలో గాలిపటం కూడా నాకు అనుమానమే.

మాజీ హవల్దార్ (తాడేపల్లిగూడెం):

మాది మాధవరం. ఊరి పేరుకి ముందే మిలటరీ అని చేరిపోయింది. ఇంటికొకరైనా సైన్యంలో చేసినవాళ్ళుంటారు. మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్ళాడు. నేను ఇరవయ్యేళ్ళు చేశాను.

ఈ చిత్రం గురించి నాకు రెండు మాటలున్నాయి. ఒకటి ఒప్పుకుంటాను. సైన్యంలో చేర్చుకునేవాళ్ళు డబ్బున్నవాళ్ళు తిరిగే మాల్ వదిలేసి, పేద కుర్రాళ్ళు తిరిగే మాల్‌కి వెళ్తారు చూడండి, అది నూటికి నూరుపాళ్ళు నిజమై ఉంటుంది. మూర్ రోడ్డు మీద నిలబడి, మీ పిల్లల్ని పంపుతారా అని చట్టసభ సభ్యుల్ని అడుగుతుంటే వాళ్ళు తప్పించుకుపోతారు. ఆ ప్రశ్న ఏ దేశంలోనైనా అడగాల్సిందే. మా వైపు తెల్లారుజామున కాలవగట్టు మీద సెలక్షన్ల కోసం పరుగెత్తే కుర్రాళ్ళని చూడండి. ఎకరాలున్న ఇంటి కుర్రాడు వాళ్ళలో ఉండడు. నేనూ అలా పరుగెత్తినవాణ్ణే. దేశభక్తి లేదనను. అన్నంతోపాటే అదీ వచ్చింది నాకు.

ఒప్పుకోలేనిది రెండోది. ట్యాంకులో పాట పెట్టుకుని కాల్చేవాళ్ళని, ముసుగు వేసిన బందీల పక్కన నవ్వేవాళ్ళని చూపించాడు. వాళ్ళు లేరనను, ఉంటారు, చూశాను కూడా. పందొమ్మిదేళ్ళ కుర్రాడు ఏడాదిలో ఏ రెండు నిమిషాల్లో ఎలా ఉంటాడో, ఆ రెండు నిమిషాలు తీసి అతని ముఖం ఇదే అంటే నేను ఒప్పుకోను. అదే కుర్రాడు అదే రాత్రి అమ్మకి ఉత్తరం రాసి ఉంటాడు. ఫ్లింట్ తల్లి చదివింది అలాంటి ఉత్తరమే కదా. ఈ చిత్రంలో సైనికుడు బతికున్నప్పుడు మొరటువాడు, చచ్చాక మాత్రం బంగారుకొండ.

కాకినాడ రేవు:

యుద్ధం మనకి దూరమనుకుంటాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతోపాటు కాకినాడ మీదా బాంబులేశాయి. మా మామ్మ ఆ రోజు గురించి చెప్పేటప్పుడు జపాన్ పేరు కూడా ఎత్తేది కాదు, పొయ్యి మీద అన్నం వదిలేసి పరుగెత్తామనే చెప్పేది. అందుకేనేమో, పక్షం సంగతి పక్కనపెడితే, ఇలాంటి చిత్రాల్లో నాకు గుర్తుండేది వంటిల్లే.

మస్కట్ నుంచి:

తమ్ముడూ, నేను పదహారేళ్ళుగా ఇంటిపనిలోనే ఉన్నాను. మాది రాజోలు వైపు. నీ బాధ అర్థమైంది గానీ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు.

మూర్ మీ అమ్మని వదిలేశాడంటున్నావు. యుద్ధం మీద నేను చూసినవాటిలో ఇంటిపని మనిషి ఎక్కడా లేదు. అమెరికావాడు తీస్తే అమెరికా తల్లి ఉంటుంది. అరబ్బువాడు తీస్తే అరబ్బు తల్లి ఉంటుంది. మధ్యలో ఆ ఇంటి పిల్లల్ని ఎత్తుకుని బేస్‌మెంట్‌లోకి దిగిన మనిషి ఎవరికీ కనపడదు. కాబట్టి ఆయన ఒక్కడి మీద కోపం నాకు రావడంలేదు.

నువ్వు కూడా అమ్మ ఏమందో రెండు మాటలు రాశావు గానీ, ఆమె ఏమనుకుంటోందో అడిగావా? గాలిపటం చూసి ఒళ్ళు మండింది నీకు. ఆమెకి మండిందా?

తెలుగు మాస్టారు (పాలకొల్లు):

అమ్మాయిగారు అడిగింది అసలైన ప్రశ్న. నేనూ ఒకటి అడుగుతాను బాబూ. అమ్మగారికి పరిహారం వచ్చిందా? 1991లో ఐక్యరాజ్యసమితి జెనీవాలో పరిహార సంఘం పెట్టింది కదా. కువైట్ వదిలి రావాల్సొచ్చిన మనవాళ్ళు చాలామంది దరఖాస్తు చేసుకున్నారు. ఆ డబ్బు ఇరాక్ చమురు అమ్మకంలోంచి కోశారు, మొదట్లో 30 శాతం. అన్నీ కలిపి 5,240 కోట్ల డాలర్లు తీరేసరికి 2022 అయింది. సద్దాం పోయి పదిహేనేళ్ళు దాటాక కూడా ఆ దేశం కడుతూనే ఉంది.

ఏటిగట్టు (పి.గన్నవరం):

రెండు రోజులు ఇటు రాలేదు. అమ్మతో మాట్లాడుతున్నాను.

మాస్టారూ, వచ్చిందండీ. 2,500 డాలర్లు. ఆ డబ్బుతోనే పాత పెంకులు తీసేసి డాబా వేశాం. ఇప్పుడు నేను ఇది రాస్తున్నది ఆ శ్లాబు కిందే. ఆ డబ్బు ఎక్కడిదో నాకు మీరు చెప్పేదాకా తెలీదు. కువైట్ మీదికి వెళ్ళినందుకు పడ్డ వాణిజ్య ఆంక్షల్లో మందులకీ తిండికీ అల్లాడిన దేశం కట్టిందన్నమాట. ఆ గాలిపటం పిల్లాడు పుట్టి పెరిగింది ఆ రోజుల్లోనే అయ్యుంటుంది. సద్దాం చేసినదానికి వాడి నోటి దగ్గరిది కొంత మా ఇంటి పైకప్పు అయింది. ఇది తెలిశాక గాలిపటం చూసి మళ్ళీ అలా కోప్పడగలనా అంటే, లేదు. అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. మూర్ హలబ్జా చెప్పి ఉండాల్సింది. అది చెబితే ఈ సంగతి కూడా చెప్పాల్సొచ్చేది, చిత్రం ఇంకా బరువయ్యేది.

హవల్దార్ బాబాయ్ గారూ, మీ మాట నా మనసులో చాలాసేపు తిరిగింది. అమ్మకి చదివి వినిపించాను.

అక్కా, నువ్వు అడిగినట్టే అడిగాను. అమ్మకి గాలిపటం చూసి కోపం రాలేదట. ఆ వీధి చూసినట్టుందే అనుకుందట. బస్రా దాటాక ఒక చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. అందరూ వణికిపోయారు. తుపాకీ పట్టుకున్న ఇరాకీ కుర్రాడు ఒకడు బస్సెక్కి, కాగితాలు చూసి, దిగిపోయి, మళ్ళీ ఎక్కాడట. చేతిలో ఖుబూస్ రొట్టెల మూట. ఆడవాళ్ళకి పంచి, మాట్లాడకుండా దిగిపోయాడట. మీసాలు కూడా సరిగా రాలేదంది. 1991 ఫిబ్రవరిలో కువైట్ నుంచి బస్రా వైపు పారిపోతున్న ఇరాక్ సైన్యం మీద రోడ్డు పొడుగునా బాంబులేశారు. అప్పట్లో ఆ బొమ్మలు పేపర్లో చూసినప్పటి నుంచి, ఆ కుర్రాడు ఇంటికి చేరాడో లేదో అనే అనుకుంటోందట. ముప్పై అయిదేళ్ళుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మాజీ హవల్దార్ (తాడేపల్లిగూడెం):

ఆమెని కూర్చోబెట్టి మాట్లాడించి ఫోన్లో రికార్డు చెయ్యి నాయనా. ఆలస్యం చెయ్యకు. మా తాత బర్మా సంగతులు నేను అలాగే పోగొట్టుకున్నాను.

ఏటిగట్టు (పి.గన్నవరం):

నిన్న రాత్రి మొదలుపెట్టాను బాబాయ్ గారూ. యుద్ధం గురించి చెప్పమన్నాను. ఆమె యుద్ధంతో మొదలెట్టలేదు. ఏజెంటుకి కట్టడానికి అమ్మిన రెండు గేదెలతో మొదలెట్టింది. వాటి పేర్లు, ఏది ఎన్ని పాలిచ్చేది, ఎవరు కొనుక్కుపోయారు, అన్నీ. గంటన్నరైంది, ఇంకా బొంబాయిలో విమానం ఎక్కనేలేదు. ఇవాళ కొబ్బరి దింపు ఉంది. రాత్రి మళ్ళీ కూర్చుంటాం.