వాజేడు, వెంకటాపురం మండలాలు ఏ శాసనసభ స్థానంలో ఉండాలి?

వాజేడు నివాసి:
2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఖమ్మం జిల్లాలోని మా రెండు మండలాలను భూపాలపల్లి జిల్లాలో కలిపారు. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడ్డాక అందులోకి మారాం. కలెక్టరేటు ములుగులో ఉంది, ఓటు మాత్రం నేటికీ భద్రాచలం స్థానానికే. మా వాగు మీద కల్వర్టు కోసం అర్జీ పెడితే ఒక కార్యాలయంలో ఎమ్మెల్యే లేఖ తెమ్మన్నారు, లేఖ కోసం వెళ్లిన చోట అది మీ జిల్లా అధికారులు చూడాల్సిన పని అన్నారు. వాన పడితే పిల్లలను భుజాన ఎక్కించుకొని ఆ వాగు దాటిస్తున్నాం. మమ్మల్ని ములుగు స్థానంలో కలపాలి.

హనుమకొండ న్యాయవాది:
2002 నాటి నియోజకవర్గాల పునర్విభజన చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం పాలనా విభాగాల హద్దులను, రాకపోకల సౌకర్యాన్ని, ప్రజల వీలును చూడాలి. కాబట్టి మీ కోరిక న్యాయమైనదే. అయితే 2026 తర్వాత జరిగే తొలి జనగణన లెక్కలు వెలువడేదాకా హద్దులు కదలవు.

కొత్తగూడ మాస్టారు:
మాది మీకు తిరగబడిన పరిస్థితి. జిల్లా మహబూబాబాద్, శాసనసభ స్థానం ములుగు. మాకు ఏ ఇబ్బందీ లేదు. జిల్లా హద్దే ప్రమాణమంటే రేపు మా కొత్తగూడ, గంగారం మండలాలను ములుగు నుంచి తీసేస్తారు.

వాజేడు నివాసి:
మాస్టారూ, నేను కల్వర్టు గురించి చెబుతుంటే మీరు కొత్తగూడ గురించి మాట్లాడుతున్నారు.

న్యాయవాది:
చట్టంలో ఉన్నది జిల్లా హద్దు ఒక్కటే కాదని మళ్లీ మనవి చేస్తున్నాను.

చర్ల పాఠకుడు:
2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయాక భద్రాచలం స్థానానికి మిగిలినవి అయిదే మండలాలు. మీ రెండూ పోతే భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల మాత్రమే ఉంటాయి. అంత తక్కువ మంది ఓటర్లకు ఒక స్థానాన్ని ఎవరు ఉంచుతారు? మీ కల్వర్టు కోసం మా సీటు బలి పెట్టమంటున్నారా?

వాజేడు నివాసి:
మీ సీటు నిలబెట్టడానికి మేము తలల లెక్కకు పనికొస్తే చాలునా? ఓట్ల నాడు తప్ప మా ఊరు ఎవరికి గుర్తుంది?

కొత్తగూడ మాస్టారు:
ఇప్పుడు అసలు మాట బయటపడింది, నాదీ చెబుతాను. మహబూబాబాద్ కూడా ఎస్టీ స్థానమే కాబట్టి రిజర్వేషన్ పోతుందన్న భయం నాకు లేదు. పట్టణమూ మైదాన ప్రాంతమూ ఉన్న స్థానంలో మా అడవి గూడేల కోయల మాటకు విలువ ఉండదన్నదే నా భయం. ములుగులో ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట తోడుంటాయి కనుక అభ్యర్థి ఎవరైనా మా గడప తొక్కక తప్పదు.

చర్ల పాఠకుడు:
మా భయమూ అదే. గోదావరి గట్టు వెంట ఉన్న మాకు భద్రాచలం స్థానం ఒక్కటే దిక్కు.

వాజేడు నివాసి:
అయితే హద్దులు మారేదాకా ఒక్క పని జరగాలని అడుగుదాం. మా మండలాల అర్జీలపై ములుగు కలెక్టరు, భద్రాచలం ఎమ్మెల్యే కలిసి కూర్చునే సమీక్ష మూడు నెలలకోసారి వెంకటాపురంలోనే జరగాలి. దీనికి చట్టం మార్చనక్కరలేదు, ఎవరి సీటూ పోదు.

చర్ల పాఠకుడు:
దానికి నేనూ సంతకం చేస్తాను. కానీ జనగణన అయ్యాక మీరు ములుగు అంటే మాత్రం ఎదురు నిలుస్తాను.