శనివారం సైకిల్ రైడ్: హాలు పోయింది, అందరూ చూడండి

కోఆర్డినేటర్, మంగళవారం రాత్రి 8:10
అందరికీ వందనాలు. జులై 30 మానవ అక్రమ రవాణా వ్యతిరేక దినం కదా, ఆ వారంలోనే రైడ్ పెట్టుకున్నాం. శనివారం ముంచుకొస్తోంది. పేర్లు లేని పనులకి రేపు సాయంత్రంలోగా ఎవరో ఒకరు పూనుకోండి.
మలుపుల్లో నిలబడేవాళ్ళు: ఇంకా నలుగురు కావాలి.
వెనక వచ్చే వ్యాను: బండి ఉంది, నడిపేవాళ్ళు లేరు.
ఫస్ట్ ఎయిడ్ పెట్టె: పోయినసారి వాడాక నింపలేదు.
కరపత్రాలు: ప్రింటుకి ఇవ్వాలి.
హాలు: అయింది.

హాలు బుకింగ్, 8:32
హాలు అవ్వలేదు తమ్ముడూ. ఇప్పుడే ఫోన్ చేసి ఇవ్వలేమన్నారు. మనం ప్రార్థన కూటమని బుక్ చేశాం, మీరు పెడుతున్నది బహిరంగ సభ, మా ఇన్సూరెన్స్ దానికి వర్తించదు అంటున్నారు. అసలు సంగతి పోస్టర్. పక్క గదిలో శనివారం చిన్నపిల్లల క్లాసు ఉంటుంది. చేతులు కట్టేసి ఉన్న అమ్మాయి బొమ్మ గుమ్మంలో కనిపిస్తే తల్లిదండ్రులు ఊరుకోరని వాళ్ళ భయం. ఎంత బతిమాలినా వినలేదు.

యూత్, 8:41
పోస్టర్ వల్ల పోయిందనా అక్కా? ఫారంలో ప్రార్థన కూటమని రాసింది నేను కాదు.

హాలు బుకింగ్, 8:44
ప్రతిసారీ అలాగే రాస్తున్నాం, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. బయటపెట్టే ముందు ఆ బొమ్మ నాకొక్కసారి చూపిస్తే ఏం పోయేది?

యూత్, 8:50
మనుషుల్ని అమ్ముకుంటున్నారని చెప్పేటప్పుడు చూసేవాళ్ళకి కడుపులో దేవినట్టు ఉండాలి. ఎవరికీ ఇబ్బంది లేని బొమ్మ వేస్తే ఎవరు ఆగి చూస్తారు?

ట్రెజరర్, 9:02
కిలోమీటరుకి ఇంత అని చందా రాసిచ్చినవాళ్ళు చివర్లో సభకి వస్తామన్నారు. ఆ డబ్బు షెల్టర్‌కి ఇస్తామని చర్చి పేరు మీద మాటిచ్చాం. ఇప్పుడు సభ లేదని వాళ్ళకి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? తప్పెవరిదో మీరు తేల్చుకునేలోపు శనివారం వచ్చేస్తుంది.

యూత్, 9:06
అయితే పోస్టర్ తీసేయండి అంకుల్. నా పేరు కూడా తీసేయండి.

హాలు బుకింగ్, 9:09
మధ్యలో వదిలేసి పోవడం నీకు కొత్తేం కాదుగా.

కోఆర్డినేటర్, 9:10
ఇద్దరికీ దండం పెడతా, ఈ రాత్రికి ఇంకేం రాయొద్దు.

పాస్టర్ గారు, బుధవారం ఉదయం 6:20
తమ్ముడితో మాట్లాడాను. అమ్మా, మీకూ ఫోన్ చేశాను, వీలు చూసుకుని ఎత్తండి. చర్చి వెనక పార్కింగ్ స్థలం మనదే, అక్కడ ముగించుకోవచ్చు. కానీ పేర్లిచ్చిన అరవై మంది సైకిళ్ళతో సహా ఒక్కసారి వస్తే పట్టరు. దానికేదైనా ఆలోచించండి.

దుబాసీగా వెళ్ళే సిస్టర్, 7:05
రాత్రి నుంచి చదువుతున్నాను. ఒక మాట చెప్పాలి. బయటపడ్డవాళ్ళు అధికారులతో మాట్లాడేటప్పుడు నేను తెలుగులోకి చెబుతుంటాను. ఎవరు, ఎక్కడ అన్నది చెప్పకూడదు. ఒకతను మాట్లాడుతున్నంతసేపూ తలుపు వైపే చూస్తున్నాడు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. ప్రయాణం ఖర్చు, గది అద్దె జీతంలోంచి కోసుకుంటూ పోతే అప్పు పెరుగుతుందే తప్ప తరగదు. తీసుకొచ్చింది వరసకి మేనమామ. చివర్లో నన్నడిగాడు, "నన్నెవరూ కట్టేయలేదు కదమ్మా, నాది కేసవుతుందా?" అని.

అతనికి మన పోస్టర్ చూపిస్తే ఇది వేరే ఎవరి గురించో అనుకుని వెళ్ళిపోతాడు. తమ్ముడి ఆవేశం నాకర్థమవుతుంది. ఆ అమ్మాయి లాంటివాళ్ళూ ఉన్నారు. కానీ ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ), ఐఓఎం (అంతర్జాతీయ వలస సంస్థ), బానిసత్వం మీద పనిచేసే వాక్ ఫ్రీ అనే సంస్థ కలిసి 2022లో ఇచ్చిన అంచనా చూడండి. 2021లో ఏ రోజు చూసినా 2 కోట్ల 76 లక్షల మంది నిర్బంధ శ్రమలో ఉన్నారు. అందులో లైంగిక దోపిడీకి గురైనవాళ్ళు 63 లక్షలు. ఇంకో 1 కోటి 73 లక్షల మంది ప్రైవేటు యజమానుల కింద ఇళ్ళల్లో, పొలాల్లో, ఫ్యాక్టరీల్లో మగ్గుతున్నారు. మానవ అక్రమ రవాణా మీద 2000లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం, పాలెర్మో ప్రోటోకాల్ కూడా బలవంతంతో పాటు మోసాన్నీ, నిస్సహాయతను వాడుకోవడాన్నీ లెక్కలోకి తీసుకుంది. అలా తెచ్చినప్పుడు అతను ఒప్పుకునే వచ్చాడన్న మాట చెల్లదు. బైబిల్లో యోసేపును అమ్మింది కూడా సొంత అన్నలే కదా.

రూట్ టీమ్, 7:40
అక్కా, ఇది చదివాక రూట్ మ్యాప్ మళ్ళీ తెరిచాను. హాలే లేనప్పుడు అందరం ఒకే దారిలో ఎందుకు? పదేసి మందిగా ఆరు గుంపులైతే? ఒక్కో గుంపు ఒక్కో వైపు తిరిగి చర్చికే వస్తుంది. బయల్దేరే వేళలు వేరు చేస్తే పార్కింగ్ సమస్యా ఉండదు. పనివాళ్ళు ఆగే చోట్ల, అంటే బస్టాపులు, లాండ్రీలు, డబ్బు పంపే కౌంటర్ల దగ్గర మనమూ ఆగుదాం.

ట్రెజరర్, 7:58
ప్రతి గుంపూ ముందు చెప్పినన్ని కిలోమీటర్లు తొక్కితే చందాదారులకి నేను చెప్పుకోగలను. దూరం తగ్గించొద్దు బాబూ.

రూట్ టీమ్, 8:03
తగ్గదు అంకుల్. రెండో వైపు మాత్రం ఎత్తు ఎక్కువ, కొత్తవాళ్ళని అందులో వేయను.

దుబాసీగా వెళ్ళే సిస్టర్, 8:15
కరపత్రం అంత పెద్దది వద్దు. ఫోన్ కవర్ వెనక దాచుకునేంత కార్డు చాలు. మేస్త్రీ పక్కనుంటే చేతికివ్వకండి. మరుగుదొడ్లలో పెట్టనిస్తారేమో అడగండి, ఒంటరిగా ఉండేది అక్కడే. ఎవరినీ కథ చెప్పమనొద్దు, ఫోటో తీయొద్దు. విడిపించబోయి లోపలికి అసలే వెళ్ళొద్దు, మనం వచ్చేశాక దెబ్బలు తినేది వాళ్ళే. అనుమానం వస్తే చోటు, టైము రాసుకుని హెల్ప్‌లైన్‌కి చెప్పండి. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే నేరుగా పోలీసులకే.

యూత్, మధ్యాహ్నం 1:20
కార్డు వేశాను, చూడండి. బీరువా సొరుగులో పాస్‌పోర్టు, తాళంచెవి ఇంకొకరి చేతిలో. వెనక నాలుగు ప్రశ్నలు: మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉందా? చెప్పిన పనే ఇచ్చారా? చెప్పిన జీతం చేతికి వస్తోందా? మానేస్తానంటే బెదిరిస్తున్నారా? కింద హెల్ప్‌లైన్ నంబరు.

హాలు బుకింగ్, 1:34
ఈ బొమ్మ చాలా బావుంది తమ్ముడూ. నాలుగో ప్రశ్నలో "మిమ్మల్ని గానీ, మీ ఇంట్లోవాళ్ళని గానీ" అని చేర్చు. తెలుగుతో పాటు హిందీ, ఇంగ్లీషు కార్డులూ ఉండాలి. హిందీ నేను రాసి పంపుతా.

యూత్, 1:36
చేర్చానక్కా. ఐదింటిలోగా హిందీ పంపితే ఈ రాత్రే ప్రింటుకిస్తా.

కోఆర్డినేటర్, 6:05
గుంపుకి ముందొకరు, చివరొకరు దారి తెలిసినవాళ్ళు ఉండాలి. ముందువాళ్ళు దొరికారు. చివరివాళ్ళు ఇద్దరు తక్కువ.

ట్రెజరర్, 6:20
రెండో గుంపుకి చివర నేనొస్తా. ఎత్తులో మెల్లగా తొక్కేవాళ్ళకి తోడు కావాలి కదా. పంపు ఉంది, అదనపు ట్యూబు ఎవరైనా తెండి.