దత్తాంశమా, లెక్కా?

ఒక స్వచ్ఛంద సంస్థ కోసం కరపత్రం తెలుగు చేస్తున్నాను. భూగర్భజలాల గురించి, రైతులు చదవాల్సింది. శీర్షిక ‘సుస్థిరాభివృద్ధికి దత్తాంశ భాగస్వామ్యం, పాలన’ అని రాసి మా పెద్దమ్మకు వినిపించాను. “ఎవర్ని దత్తత తీసుకుంటున్నార్రా?” అంది. డేటాకి ఇంతకన్నా మంచి మాట చెప్పగలరా?

జవాబు (అనంతపురం నుంచి):
మీ పెద్దమ్మగారు తప్పేం అనలేదు. దత్తం అంటే ఇచ్చినది. లాటిన్‌లో డేటా అన్నా ‘ఇచ్చినవి’ అనే. అనువాదం అచ్చంగా కుదిరింది, చిక్కూ అక్కడే ఉంది. 1800లో నిజాం మా ప్రాంతాన్ని ఈస్టిండియా కుంపిణీకి ఇచ్చేస్తే మేం ‘దత్తమండలాల’ వాళ్ళమయ్యాం. ఎవరి సొమ్ము ఎవరు ఎవరికిచ్చారని మా పెద్దలకు ఒళ్ళు మండేది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అనే పేరు ప్రతిపాదించాక గానీ ఆ మాట వదల్లేదు. ఇప్పుడు మా బోరు నీళ్ళ వివరాలకూ ఆ ‘దత్త’ ఎందుకండీ?

రైతులు దీన్ని లెక్క అంటారు. 2003 తర్వాత కొన్నేళ్ళు ఎఫ్.ఏ.ఓ. (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలిచారు. మా మేనమామ ఊళ్ళో నేను చూశాను. బోరు గొట్టంలోకి టేపు వదిలితే, కొస నీళ్ళకు తగలగానే కుయ్‌మనేది. పదిహేను రోజులకోసారి కొలిచి ఊరి గోడ మీది పట్టికలో రాసేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని, వాన ఎంత పడింది, అడుగున ఎంత ఉంది, అనుకున్న పంటలకు ఎంత కావాలి అని చూసుకునేవారు. వరి వేయొద్దని హుకుం ఎవరూ జారీ చేయలేదు. గోడ మీది అంకెలు చూసి కొందరు వాళ్ళంతట వాళ్ళే ఆరుతడి పంటకు మళ్ళారు. మా మామ మాత్రం ఆ ఏడూ వరే వేశాడు, అది వేరే కథ.

పైగా లెక్కను అప్పజెప్పమని అడగొచ్చు. తప్పయితే కాకిలెక్క అని తిట్టొచ్చు. దత్తాంశాన్ని ఏమని తిడతారు?

జవాబు (కడప నుంచి):
అన్నా, మా దగ్గర లెక్క అంటే డబ్బు. “లెక్క ఉండాదా?” అంటే జేబు తడుముకుంటాం. ‘మీ లెక్క అందరితో పంచుకోండి’ అని కరపత్రంలో ఉంటే ఒక్కడు కూడా మీటింగుకు రాడు. ‘నీళ్ళ లెక్క’ అనండి, గొడవ ఉండదు.

జవాబు (గుంటూరు నుంచి, గణితం టీచర్):
పదో తరగతి పుస్తకంలో దత్తాంశం అనే ఉంది, పిల్లలు ఇబ్బంది లేకుండా వాడుతున్నారు. ఉపగ్రహం తీసిన చిత్రాన్ని లెక్క అనలేం కదా. కరపత్రానికి మాత్రం నా ఓటు డేటాకే. నాకు అసలు నచ్చనిది ‘భాగస్వామ్యం’, అది వ్యాపారంలో వాటాలా వినిపిస్తుంది. పంపకం అంటే ఇంకా ఘోరం, అన్నదమ్ములు వేరుపడ్డట్టుంటుంది. పంచుకున్నా ఎవరి వాటా తరగదు కాబట్టి ‘అందరికీ తెలియజేయడం’ అంటే చాలదా?

జవాబు (అనంతపురం):
ఉపగ్రహం మాట ఒప్పుకుంటున్నాను మేడమ్. ‘పాలన’ దగ్గర మాత్రం ఆగుదాం. ఇక్కడ తేలాల్సింది ఎవరు చూడొచ్చు, ఎవరు దిద్దొచ్చు, ఎవరికి ఇవ్వొచ్చు అన్నది. దానికి అజమాయిషీ ఉంది. పారసీలో పరీక్షించి చూడటమని అర్థం. మన రెవెన్యూ వాళ్ళు, అంటే ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) లాంటివాళ్ళు, పొలానికొచ్చి అడంగల్‌తో, అదే పంటల వివరాలు రాసే పుస్తకంతో, పంటను సరిచూడటానికి వాడేశారు. పెత్తనం కూడా పనికొస్తుంది కానీ అందులో కాస్త దెప్పు ఉంది.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ‘మన నీళ్ళ లెక్క ఊరందరికీ తెలియాలి, దాని అజమాయిషీ మన చేతిలో ఉండాలి’ అని మార్చి పెద్దమ్మకు మళ్ళీ చదివాను. మొదటి సగం బాగుందంది. అజమాయిషీ అనగానే మాత్రం, “ఆర్.ఐ. ఎప్పుడొస్తాడు, భోజనం వండాలా?” అని అడిగింది.