ఆయుష్షు పెంచే మంత్రం ఉన్న రాజ్యంలో వారసత్వం ఎలా నడవాలి?

ప్రశ్న: మా క్యాంపెయిన్ (పాత్రలు ధరించి ఆడే ఆటలో విడతలుగా సాగే కథ) కోసం నేను రూపొందిస్తున్న రాజ్యంలో ప్రభువులు మంత్రబలంతో మూడు నాలుగు వందల ఏళ్లు జీవిస్తారు. అయినా అది మామూలు రాజ్యంలాగే నడుస్తున్నట్టు కనిపిస్తోంది. మార్పులు ఎక్కడ మొదలుపెట్టాలి? మేము డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆ ఆట ఐదో ఎడిషన్‌ను 2014 నాటి నియమాలతో ఆడుతున్నాము.

సమాధానం: దీర్ఘాయువు ఎంతమందికి దక్కుతుందన్న లెక్క కన్నా ముందు, చట్టం దృష్టిలో మరణం అంటే ఏమిటో తేల్చుకోండి, వారసత్వం, వీలునామా, అప్పు, వివాహం అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఆ నియమాల ప్రకారం రిసరెక్షన్ మంత్రం వృద్ధాప్యంతో పోయినవారిని బతికించలేదు కనుక, మీ ప్రభువులు క్లోన్ మంత్రాన్ని, అంటే చనిపోతే ఆత్మ చేరేందుకు ముందుగానే మరో దేహాన్ని పెంచి ఉంచే మంత్రాన్ని, ఆశ్రయించడం సహజం. దానికి 1,000 బంగారు నాణేల వజ్రం, 2,000 నాణేల భాండం కావాలి. అందులో కొత్త దేహం ఎదగడానికి 120 రోజులు పడుతుంది. ప్రభువులకు ఈ ఖర్చు ఒక లెక్క కాదు. ఇంత పై స్థాయి, అంటే ఎనిమిదో స్థాయి, మంత్రం వేయగల మాంత్రికుడు దొరకడమే కష్టం కాబట్టి, అసలు పలుకుబడి అతనిదీ, భాండానికి కాపలా కాసేవారిదీ అవుతుంది.

ఇక ఈ సన్నివేశం చూడండి. రాజు అంతఃపురంలో కన్నుమూయగానే, ఆయన ఆత్మ నేలమాళిగలోని భాండంలో ఉన్న యువదేహంలోకి చేరుతుంది. జ్ఞాపకాలన్నీ ఉంటాయి గానీ ఒంటిమీద నూలుపోగు ఉండదు. రాజముద్రిక పైనున్న శవం వేలికే ఉంటుంది, ఆ శవం పక్కన అరవై ఏళ్ల యువరాజు నిలబడి ఉంటాడు. అతడు ఆ ఉంగరాన్ని తీసి తొడుక్కుంటే అది రాజద్రోహమా, న్యాయమైన వారసత్వమా? మొదటి మరణంతో పదవి పోతుందనీ, ఆస్తి మాత్రం మిగులుతుందనీ చెప్పే చట్టాన్నే నేను ఎంచుకుంటాను. అప్పుడు సింహాసనం లేని మాజీ రాజులు, తరతరాలుగా కూడబెట్టిన భూములతో, ఏలుతున్న రాజుకే అప్పులిచ్చే స్థితిలో ఉంటారు.

అనుబంధ ప్రశ్న: సామాన్యుల జీవితంలో ఇది ఎలా కనిపిస్తుంది?

సమాధానం: యజమాని ఎన్నటికీ తప్పుకోని కర్మశాలలో పనివాడు ఎన్నటికీ యజమాని కాలేడు. అందుచేత చేతిపని బాగా తెలిసిన యువకులు రాజధాని విడిచి, మాంత్రికులు లేని సరిహద్దు పట్టణాలకు వెళ్లిపోతారు. మీ ఆటగాళ్ల పాత్రలను అటువంటి పట్టణంలోనే పుట్టించి, వారికి దొరికే తొలి పనిగా ఒక ప్రభువు భాండాన్ని రాజధానికి చేర్చే బాధ్యతను అప్పగించండి.