బాలింత వెల్లుల్లి కారం అమ్మొచ్చా?

ప్రశ్న: పాపకి ఐదో నెల. తెనాలిలో అమ్మ దగ్గరున్నాను. పథ్యంలో అమ్మ పెట్టిన వెల్లుల్లి కారం రుచి చూసి అపార్ట్‌మెంట్‌లో నలుగురు అడిగారు. మొన్న రెండు కిలోలు కొట్టాం. మిక్సీ చప్పుడుకి పాప లేచి ఒకటే ఏడుపు! లైసెన్స్ కావాలా? పావుకిలో 150 అంటే తక్కువా?

జవాబు: ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పదమ్మా. ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు. 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేయాలి.

జవాబు: నీ కూలి లెక్కేసుకున్నావా? మిర్చి, వెల్లుల్లి, గ్యాస్, కవరు అన్నీ రాసి చూడు. సున్నుండలతో మొదలుపెట్టి నేను మూడు నెలలు ఊరికే చాకిరీ చేశాను. వెల్లుల్లి తడితో జాగ్రత్త, మా చెల్లి చేసిన మూడు కిలోలకీ బూజు పట్టింది.

జవాబు: చిన్న వ్యాపారాలకని బ్యాంకులు ముద్ర శిశు లోన్ 50,000 దాకా హామీ లేకుండా ఇస్తారు. అయినా రెండు కిలోలకి లోనెందుకు? ముందు మిక్సీని వసారాలోకి మార్చు.

ప్రశ్న అడిగినామె: లెక్కేశానక్కా, సరుకులకే 90 అయింది! 200 చేస్తున్నా. పాప పడుకుంది, వెల్లుల్లి వలుస్తూ ఒంటిచేత్తో టైప్ చేస్తున్నా.