సా–న తండ్రి: నడుమ ఉన్న అక్షరం ఏది?

హన్మకొండ చిన్నమ్మాయి:
అందరికీ నమస్కారం. అమ్మ జ్ఞాపకార్థ కూడికకు చిన్న కార్డు వేయిస్తున్నాం. దాని మీద, చర్చిలో పాడటానికి బతుకమ్మ దరువులో అమ్మ సొంతంగా కట్టిన పాట అచ్చు వేయాలని అక్కాచెల్లెళ్ల కోరిక. పాట రాసుకున్న నోటుబుక్కుకు చెదలు పట్టింది. మిగిలింది ముందు గదిలో ఫ్రేము కట్టి ఉన్న మ్యాటీ గుడ్డ ఒక్కటే. దాని మీద అమ్మ దారంతో కుట్టిన వరుసలివి:

ఆదినుంచి నన్ను ఉయ్యాలో
సా–న నా తండ్రి ఉయ్యాలో
గూటిలో పిట్టకు ఉయ్యాలో
పూటకింత గింజ ఉయ్యాలో
చెరువు గట్టు మీద ఉయ్యాలో
సీకటైతే తోడు ఉయ్యాలో

అక్షరాల ఒళ్లు మెరూన్ దారంతో గొలుసు కుట్టు, తలకట్లు, గుడులు ఆకుపచ్చతో కాడ కుట్టు. కిటికీ ఎండ పడే చోట మెరూన్ దారం చివికి రాలిపోయింది. అందుకే రెండో వరుసలో సా పక్కన ఆకుపచ్చ గుడి ఒక్కటే మిగిలింది, దాని కింద అక్షరం లేదు. నా చెవిలో ‘సాకిన’ అని ఉంది. అక్క ‘సాదిన’ అని ఒట్టేసి చెబుతోంది. పెద్దలు తేల్చాలి.

హుస్నాబాద్ అల్లుడు:
ఇందుల తేల్చేదేమున్నదక్కా, సాదిన. మా దిక్కు బర్రెను సాదుతరు, కుక్కను సాదుతరు, పిల్లల్ని సాదుతరు. ‘సాకుడు’ మా అవ్వ నోట ఎన్నడు ఇనలే. సాకు అంటే మాకు బడి ఎగ్గొట్టెటందుకు చెప్పేది.

నిఘంటుప్రియ:
అల్లుడుగారూ, మీ అవ్వగారు అనలేదని మాట లేకుండా పోదు. పోషించు, పెంచు అనే అర్థంలో ‘సాకు’ బ్రౌన్ 1852 నిఘంటువులోనే ఉంది. కన్నడంలోనూ సాకు అంటే పెంచడమే. పాత ద్రావిడ ధాతువు. ‘సాదు’ ఎక్కడి నుంచి వచ్చిందో మీరు చెప్పండి.

హుస్నాబాద్ అల్లుడు:
సాధు చేసుకునుడు నుంచి వచ్చింది. అడివి జంతువును మచ్చిక చేసుకుంటె సాదుకున్నట్టే కద. ఇది నా సొంత సిద్ధాంతం, పైసలడుగ.

నిఘంటుప్రియ:
పైసలు ఇచ్చినా తీసుకోవడానికి ఇబ్బందిపడే సిద్ధాంతం.

ద్విపద పిచ్చోడు:
నిఘంటువులు పక్కన పెట్టండి, పాటే చెబుతోంది. మొదటి జత చూడండి: ఆది – సాది. రెండో జత: గూటి – పూట. రెండింట్లోనూ రెండో అక్షరం కలుస్తోంది, ముందున్న అక్షరం గురువే, అంటే దీర్ఘమే. ఇది ప్రాసయతి. మూడో జతలో ఆ తల్లి మామూలు యతికి, అంటే మొదటి అక్షరాలే కలిసే పద్ధతికి మారింది: చెరువు – సీకటి. చ, స మైత్రి. ఎ, ఈ స్వరమైత్రి. ఎక్కడా తప్పలేదు. ‘సాకిన’ అంటే మొదటి జతలో యతీ ఉండదు, ప్రాసా ఉండదు. మిగతా రెండు జతల్లో ఇంత పక్కాగా కుదిర్చిన మనిషి మొదటి జతనే ఎందుకు వదిలేస్తుంది?

మానేరు గట్టు:
అయ్యా, ఉయ్యాలో పాట కట్టే ఆడవాళ్లు గణాలు లెక్కబెట్టి కూర్చుంటారా? చప్పట్ల దరువు కుదిరితే చాలు. మీరు లేని ప్రాసయతి అంటగడుతున్నారు.

ద్విపద పిచ్చోడు:
లెక్కబెట్టరు. చెవికే తెలుస్తుంది. పాలకుర్తి సోమన చదువుకున్న పండితుడై ఉండి ద్విపదను, రెండేసి పాదాల ఆ దేశి ఛందస్సును ఎందుకు ఎత్తుకున్నాడు? ‘ఉరుతర గద్యపద్యోక్తులకంటె, సరసమై పరగిన జానుతెనుంగు’ అని బసవపురాణంలో తనే చెప్పుకున్నాడు. ఆ మాటల్లోనే చూడండి, ఉరు – సర, ప్రాస దానంతటదే పడింది. జనం నోట ఆడే లయ అది. పాలకుర్తి ఆ తల్లి ఊరికి ఎంత దూరమని?

బమ్మెర బాట:
సోమన గొప్పవాడే, కాదనను. కాని పాలకుర్తి దాకా వెళ్లినవాళ్లు పక్కనే ఉన్న బమ్మెరకు ఎందుకు రారో నాకు అర్థం కాదు. అక్షరం రాలిపోతే ఏం చేయాలో పోతన కథే చెబుతుంది. భాగవతంలో శిథిలమైన భాగాలను తర్వాతివాళ్లు పూరించారు. అయిదో స్కంధం గంగన, ఆరోది సింగన, పదకొండు పన్నెండు వెలిగందల నారయ. పూరించారు గాని పోతన పేరు మీద దాచలేదు, వాళ్ల పేర్లు వేరుగానే ఉన్నాయి. చిన్నమ్మాయిగారూ, కార్డు మీద ఆ చోట చుక్కలు పెట్టండి. కింద ‘సాకిన అని చిన్న కూతురు, సాదిన అని పెద్ద కూతురు’ అని పాఠాంతరం ఇవ్వండి.

హన్మకొండ చిన్నమ్మాయి:
సార్, చుక్కలు పెడితే మా అక్క కూడికకు రాదు.

గబ్బిలం అభిమాని:
ఇంత చర్చలో జాషువా పేరు ఒక్కరూ ఎత్తకపోవడం నాకైతే వింతగా ఉంది. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. క్రైస్తవ భక్తిని తెలుగు పద్యంలో ఎలా నిలపాలో ఆయన చూపించాడు.

మానేరు గట్టు:
జాషువాది పద్యం. ఇక్కడున్నది దరువు. దీనికి దగ్గరి చుట్టం పురుషోత్తమ చౌధరి (1803–1890). ఒడియా ఇంట్లో పుట్టి తెలుగులో కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చై ఉంటాయి. దేశీ బాణీలో పాడుకోవడం వాళ్లకు కొత్త కాదు.

గబ్బిలం అభిమాని:
కర్ణాటక రాగం వేరు, బతుకమ్మ దరువు వేరు. రెండోదాన్ని చర్చి లోపలికి తేవాలంటే గుండె కావాలి. చిన్నమ్మాయిగారూ, ఎవరూ అడ్డు చెప్పలేదా?

హన్మకొండ చిన్నమ్మాయి:
చెప్పకేం. మా సంఘంలో ఒక పెద్దమనిషి ‘బతుకమ్మ ఆట ఆల్తారు ముందరనా’ అని గట్టిగానే అన్నాడట. అమ్మ ఎదురు మాట్లాడలేదు. ఆ ఏడు కోత పండుగకు మా చర్చి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రి వాళ్లందరికీ ఇంట్లోనే పాట నేర్పి, కానుకల పళ్లేలు పట్టుకుని వచ్చే వరుసలో పాడించింది. గుమ్మడికాయలు, వడ్ల కంకులు, కోళ్లు, వెనక ఉయ్యాలో. ఆ రోజు హర్రాజులో అమ్మ కుట్టిన దిండు గలీబులు ఎక్కువ పాటకు కొన్నది కూడా ఆ పెద్దమనిషి భార్యే.

గబ్బిలం అభిమాని:
ఆమెకు దండం. ఆ పెద్దమనిషి 1939లో ప్రతిష్ఠ అయిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ చూసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుచేస్తాయి, గుమ్మటాలు మసీదును. బిషప్ అజరయ్య కట్టించింది.

నిఘంటుప్రియ:
అసలు ప్రశ్నకు వద్దాం. రెండో జతను ఎవరూ సరిగ్గా చదవలేదు. గూటిలో పిట్టకు పూటకింత గింజ అంటే మత్తయి సువార్త ఆరో అధ్యాయమే. ఆకాశపక్షులు విత్తవు, కోయవు, కొట్లలో కూర్చుకొనవు, అయినా పరలోకపు తండ్రి వాటిని ‘పోషించుచున్నాడు’. బైబిలు మాట పోషించు. దానికి ఇంటి మాట సాకు. పొద్దున లేస్తే బైబిలు చదివే మనిషి భావం పోషణ మీదే ఉంటుంది.

హుస్నాబాద్ అల్లుడు:
సాదుడంటె బువ్వ పెట్టుడు కాదా మరి? ఇంకోటి. అదే గుడ్డ మీద ‘సీకటైతే’ అని కుట్టింది, చీకటైతే అని కుట్టలే. బైబిలు భాషనే కావాల్ననుకుంటె ఆ మాట ఎందుకు కుడుతది?

నిఘంటుప్రియ:
అది యతి కోసం కావచ్చు కదా?

ద్విపద పిచ్చోడు:
చీ అన్నా చె తో యతి కుదురుతుంది. సీ అని కుట్టింది అలా పలికేది గనక. అల్లుడితో నేను ఏకీభవిస్తానని జన్మలో అనుకోలేదు.

కొత్తవాడ నేత:
అక్కా, ఫ్రేము విప్పి గుడ్డ వెనక చూసిండ్రా? దారం పోయినా సూది పోట్లు పోవు. మాది జంపఖానాల ఇల్లు, నేతలో పోగు తెగితే వెనక తిప్పే చూస్తం.

హన్మకొండ చిన్నమ్మాయి:
మంచి మాట చెప్పారన్నా. ఇప్పుడే వెనక అంటించిన ఖాకీ కాగితం కోసి చూశాను. ఫోన్ టార్చి వెనక పెడితే పోట్లు కనబడుతున్నాయి. అడుగున గుండ్రటి వంపు ఉంది. మధ్యలో అడ్డంగా పోట్లు ఉన్నాయి గాని అవి చివరిదాకా పోయాయో, సగంలో ఆగాయో తెలియడం లేదు. అక్కడ గుడ్డ కూడా పలచబడింది. కాగితం కింద కిరాణం చిట్టీ ఒకటి దొరికింది. వెనకవైపు అమ్మ చేతిరాత, పెన్సిలుతో: ‘సకినాల బియ్యం 4 కిలోలు, నువ్వులు, వాము, పతంగి కాగితం ఎరుపు’. పాట మాత్రం లేదు.

నిఘంటుప్రియ:
మధ్యలో అడ్డగీత ఉందంటే అది క.

హుస్నాబాద్ అల్లుడు:
ద లోపట గూడ మెలిక ఉంటది సారూ. పలకెన్నడన్న పట్టిండ్రా?

మానేరు గట్టు:
మీరిద్దరూ క, ద అని కొట్టుకుంటున్నారు. చ ఎందుకు కాకూడదు? ‘సాచిన’. చేతులు చాచి పిలిచిన తండ్రి.

ద్విపద పిచ్చోడు:
‘నన్ను సాచిన’ అంటే నన్ను పట్టుకుని సాగదీసినట్టు. వ్యాకరణం కూడా మీ దగ్గర సెలవు తీసుకుందా?

కొత్తవాడ నేత:
పతంగి కాగితం ఎందుకక్కా, క్రిస్మస్ స్టార్ కోసమా?

హన్మకొండ చిన్నమ్మాయి:
అవునన్నా. కొన్న స్టార్ మా ఇంట్లో ఎన్నడూ కట్టలేదు. నాన్న కాజీపేట లోకో షెడ్డు నుంచి వచ్చేటప్పుడు వెదురు బద్దలు తెచ్చేవాడు. అమ్మ మైదా ఉడికించి అంటు చేసి, రాత్రి వంటగది కడిగిన తర్వాత కింద కూర్చుని అతికించేది. కాగితం తడికి ముడత పడకుండా అంచుకు మాత్రమే వేలితో రాసేది. క్వార్టర్స్‌లో ఏ మతం పిల్లలైనా వచ్చి ‘మాకొకటి’ అంటే కాదనలేదు. సకినాలు సంక్రాంతి దాకా ఆగేవి కావు, డిసెంబరులోనే గుడ్డ పరిచి చుట్టేది. బైబిలు మీద నూనె మరక లేని పేజీ మా ఇంట్లో తక్కువ, వంట దగ్గర చదివేది గనక.

బమ్మెర బాట:
అమ్మా, ఒక్క సంగతి అడుగుతాను, అన్యథా భావించవద్దు. అమ్మగారి బాల్యం ఎక్కడ?

హన్మకొండ చిన్నమ్మాయి:
డోర్నకల్ వైపు సార్. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు. మిషన్ వాళ్ల హాస్టల్లో పెరిగింది. కుట్టు అక్కడి టీచరమ్మే నేర్పింది.

బమ్మెర బాట:
అనుకున్నాను. అయితే నేను చుక్కలు వెనక్కి తీసుకుంటున్నాను. ఇరవై ఏడో కీర్తన పదో వచనం: ‘నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును’. మన వైపు సాదుడు అంటే పెంచడం ఒక్కటే కాదు, ఎవరి బిడ్డనో తెచ్చి తమ బిడ్డ చేసుకోవడం. సాదుకున్న తల్లి అంటాం, సాకుకున్న తల్లి అనం. రోమా పత్రికలో ‘దత్తపుత్రాత్మ’ అన్నదానికి వరంగల్ ఇంటి మాట అదే. ఆ తల్లి కావాలనే సాదిన అని ఉంటుంది.

నిఘంటుప్రియ:
అందంగా ఉంది. అందంగా ఉన్నంత మాత్రాన పాఠం కాదు. మనిషి కథ తెలిసిన తర్వాత అక్షరాన్ని చూస్తే అక్షరం కూడా కథ వైపే ఒరుగుతుంది. అదీగాక ‘ఆదినుంచి’ అంటోంది. దత్తత ఆదినుంచి ఎలా అవుతుంది? పుట్టకముందు నుంచీ పోషించినవాడు, అంటే సాకిన.

బమ్మెర బాట:
దేవుడికి ఆది ఎక్కడో మీరు నిఘంటువులో చూసి చెప్పండి.

హన్మకొండ చిన్నమ్మాయి:
అక్కకు ఈ చర్చ అంతా పంపాను. ‘నేను అమ్మ పక్కన నిలబడి పాడినదాన్ని, గుంపువాళ్లు నాకు చెబుతారా’ అంది. నేనూ పాడాను గాని నేను వెనక వరుసలో ఉండేదాన్ని, అక్కడ డప్పు చప్పుడు ఎక్కువ. ప్రెస్ వాళ్లు రేపు సాయంత్రంలోగా మేటర్ ఇవ్వమంటున్నారు.

హుస్నాబాద్ అల్లుడు:
అక్కా, పెద్దక్క మాటనే అచ్చెయ్యి. గని ఒక్కటి, ఇప్పుడే నజర్ పడ్డది. అయిదో వరుసల ‘చెరువు గట్టు మీద’ అన్నవు. మన దిక్కు చెరువుకు కట్ట ఉంటది. గట్టంటె గుట్ట. వడ్డేపల్లి చెరువు గట్టు అని ఎవరన్న అంటరా? ఆ గ సక్కగనే ఉన్నదా, దాని మెరూన్ దారం గూడ ఏమన్న రాలిందా?

మానేరు గట్టు:
నా పేరు చూసి కూడా ఆ మాట ఎలా అన్నావు తమ్మీ?

హన్మకొండ చిన్నమ్మాయి:
ఫ్రేము ఇంకా విప్పే ఉంది, ఉండండి చూస్తాను.