3/8 చెయిన్‌కు 5.5 ఆకురాయా, 5.2 ఆ? పన్ను సగం అరిగాక సైజు మార్చాలా?

రంపపుపొట్టు:
చెయిన్ రంపానికి ఉన్న 3/8 అంగుళాల పిచ్ (రివెట్ల మధ్య సగటు దూరం) చెయిన్ పళ్లకు పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి తీసుకోబోతే రెండు సైజులు ఎదురవుతున్నాయి. ఓరెగన్ కంపెనీ తన 72 ఎల్‌జీఎక్స్ లాంటి చెయిన్లకు 5.5 మి.మీ. అంటోంది. స్టిల్ కంపెనీ తన మామూలు 3/8 చెయిన్లకు 5.2 అంటోంది. పిచ్ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు? పైగా పన్ను సగం అరిగాక ఒక సైజు చిన్నది పట్టాలని కొందరు, మొదట్నుంచి చివరిదాకా ఒకటే చాలని కొందరు. ఏది నిలుస్తుందో కారణాలతో చెప్పండి.

మూడోరివెట్:
ముందు చెయిన్ ఏదో తేల్చుకోండి, సగం తప్పులు అక్కడే జరుగుతాయి. వరుసగా మూడు రివెట్లు తీసుకుని, మొదటిదాని నడిమి నుంచి మూడోదాని నడిమి వరకు కొలిచి రెండుతో భాగిస్తే పిచ్ వస్తుంది. భాగించకముందు కొలత 19 మి.మీ. ఉంటే 3/8, 16.5 ఉంటే 0.325, 20.5 ఉంటే 0.404. మామూలుగా 0.325కు 4.8, 0.404కు 5.5 ఆకురాయి. చిక్కంతా 3/8 దగ్గరే. లో ప్రొఫైల్ 3/8 కూడా ఇంచుమించు అదే 19 చూపిస్తుంది, కానీ దాని పన్ను పొట్టిది, దానికి 4.0 పట్టాలి. చిన్న రంపాలకు ఎక్కువగా వచ్చేది అదే. దాని మీద 5.2 పెడితే సగం ఆకురాయి పంటి పైనే ఉండిపోతుంది, అంచు మొద్దుగా తయారవుతుంది.

ఇంకో మాట. డ్రైవ్ లింక్ (బార్ అనే పొడవాటి పలక గాడిలో నడిచే చెయిన్ ముక్క) మందం (1.3, 1.5, 1.6 మి.మీ.) చూసి ఆకురాయి ఎంచుకునేవాళ్లున్నారు. ఆ మందం బార్ గాడికి సంబంధించింది, ఆకురాయికి దానితో పనిలేదు.

గుండ్రాకురాయి:
నా పక్షం స్పష్టం: సగం అరిగాక మార్చాలి. కారణం పంటి ఆకారంలోనే ఉంది. పంటి పైరేకు, అంటే టాప్ ప్లేట్, ముందు ఎత్తుగా, వెనక్కి పోయేకొద్దీ పల్లంగా ఉంటుంది. అరగదీసిన ప్రతిసారీ అంచు వెనక్కి జరుగుతుంది, దాంతోపాటు కిందికీ దిగుతుంది. ఆకురాయి మాత్రం కింద పక్క పట్టీకి (చెయిన్ ముక్కలను కలిపే పక్క రేకుకు) తగిలి ఆగిపోతుంది, ఇక దిగదు. దాంతో ఆకురాయిలో పంటి పైకి కనిపించే భాగం పెరుగుతూ పోతుంది.

ఆ భాగమే అసలు విషయం. ఆకురాయి వ్యాసంలో ఐదో వంతు పైరేకు కంటే పైన ఉండాలని ఓరెగన్ చెబుతుంది, నాలుగో వంతు అని స్టిల్. వృత్తం గీసి లెక్క కట్టి చూడండి. ఐదో వంతు పైన ఉంటే అంచు కోణం దాదాపు 53 డిగ్రీలు, నాలుగో వంతైతే సరిగ్గా 60. పదో వంతే ఉంటే 37కి పడిపోతుంది. మూడు పదో వంతులైతే 66. (ఆకురాయికి అడ్డంగా కోసి చూసినప్పటి కోణాలివి.) గమనించండి, ఈ లెక్కలో వ్యాసం ఎక్కడా లేదు, వంతు మాత్రమే ఉంది. అందుకే ఒకరు 5.5 అన్నా, ఇంకొకరు 5.2 అన్నా ఇద్దరూ తప్పు కాదు. ఎవరి పంటి ఎత్తు, పంటి ముందు ఎవరి గుంట లోతు వాళ్లది.

5.5 అని పిలిచే 7/32 అంగుళాల ఆకురాయి నిజానికి 5.56 మి.మీ. కొత్త పంటి మీద 1.11 పైన ఉంటుంది. అంచు 0.6 దిగి, ఆకురాయి పట్టీ మీదే కూర్చుంటే 1.71 పైన ఉంటుంది, కోణం 67కి చేరుతుంది. అప్పుడే "ఎంత రుద్దినా పదును రావట్లేదు" అనే ఫిర్యాదు మొదలవుతుంది.

బార్‌నూనె:
లెక్క బాగుంది గుండ్రాకురాయి గారూ, కానీ 60 డిగ్రీల అంచు లోపమని నేను ఒప్పుకోను. మట్టి పట్టిన మానుకు, ఎండి గట్టిపడ్డ కలపకు ఆ మాత్రం మందమే నిలుస్తుంది. పలచటి అంచు మొదటి నాలుగు కోతల్లో వెన్న కోసినట్టు పోతుంది, అయిదో కోతకు మొద్దుబారుతుంది.

చిన్న ఆకురాయికి మారినవాళ్లు చేసే పని చూడండి. సన్నగా ఉంది కదా అని కిందికి నొక్కి పడతారు. అంచు కింద కొక్కెంలా గుంట పడుతుంది, చెయిన్ కలపను పట్టి గుంజుతుంది. 13/64కీ (5.2 అని పిలిచేది, నిజానికి 5.16) 7/32కీ తేడా 0.4 మి.మీ. మాత్రమే. ఆ తేడా సరిచేయబోయి కొక్కెం తెచ్చుకోవడం కంటే, ఉన్న 5.5నే పట్టీకి తగలకుండా నిలకడగా తోయడం మేలు.

రెండోది, చిన్న ఆకురాయి పంటి ముందున్న గుంటను పూర్తిగా శుభ్రం చెయ్యదు. పన్ను వెనక్కి పోతూ ఉంటే కింద ముక్కులాంటి లోహం మిగిలిపోతుంది, పేళ్లు బయటికి రావడానికి దారి ఇరుకవుతుంది. 5.5 అయితే గుంటను కూడా తనే తీసుకుపోతుంది.

గుండ్రాకురాయి:
గుంట విషయంలో మీరన్నది నిజం, దాన్ని తీసిపారేయను. చిన్నదానికి మారితే గుంట వేరే పనిగా చేసుకోవాలి. అంచు పూర్తయ్యాక ఆకురాయి పిడిని కాస్త పైకెత్తి, మొన కిందికి ఉండేలా వంచి, కింద మిగిలిన ముక్కును రెండు మూడు తోపుల్లో తీసెయ్యాలి. పైఅంచుకు తగలకూడదు. మూడు నాలుగు పదునులకోసారి చేస్తే చాలు.

కానీ "పట్టీకి తగలకుండా తోయండి" అన్నదే కుదరదు. తగలకూడదంటే పైకెత్తాలి, పైకెత్తితే వంతు ఇంకా పెరుగుతుంది. ఐదో వంతు లెక్కన 7/32కు అంచు కింద 4.45 మి.మీ. చోటు కావాలి, 13/64కు 4.13 చాలు. చిన్నదిగా కనిపించే ఆ 0.3 ఆకురాయి పట్టీని గీకుతుందా లేదా అన్నది తేలుస్తుంది. పక్క పట్టీ మీద మెరిసే గీత కనిపించిన రోజే మార్చే రోజు. "సగం" అన్న మాట గుడ్డిగా పట్టుకోనక్కర్లేదు.

నొక్కడం గురించి మీ హెచ్చరికతో మాత్రం పూర్తిగా ఏకీభవిస్తున్నా. ఒత్తిడి పంటి వైపుకు, వెనక్కి ఉండాలి. కిందికి కాదు.

కొలతబద్ద:
ఇద్దరి మాటల్లో గైడ్ (ఆకురాయిని సరైన ఎత్తులో పట్టి ఉంచే పరికరం) ప్రస్తావనే లేదు, చాలామంది వాడేది అదే కదా. పలక గైడ్ పంటి పైరేకు మీద ఆనుతుంది కాబట్టి పన్ను దిగినా ఆకురాయి దాంతోపాటే దిగుతుంది, పట్టీ అడ్డురానంతవరకు వంతు మారదు. రోలర్ గైడ్ చెయిన్ పట్టీల మీద కూర్చుంటుంది, దాని ఎత్తు మారదు. అంటే అరిగిన పంటి మీద రోలర్ గైడ్ అంచును క్రమంగా మొద్దు చేస్తూ పోతుంది. బార్‌నూనె గారి పద్ధతి పలక గైడ్‌తో చాలాదూరం నడుస్తుంది, రోలర్‌తో నడవదు. 5.5 గైడ్‌లో 5.2 బిగించడం మాత్రం వద్దు, గైడ్ కూడా ఆ సైజుదే కావాలి.

సరిపోయిందో లేదో చూడటానికి పంటి లోపలి ముఖానికి మార్కర్‌తో రంగు పూసి రెండు తోపులు తోయండి. రంగు పైఅంచు దాకా పోతే సైజు, ఎత్తు రెండూ సరి. కిందే పోయి అంచు దగ్గర మిగిలితే ఆకురాయి చిన్నది లేదా మరీ దిగింది. అంచు దగ్గరే పోయి కింద మిగిలితే పెద్దది లేదా ఎత్తుగా ఉంది. రంగు పూయడానికి ముందు ఆకురాయినీ చూడండి. లోహపు పొడి పళ్లలో ఇరుక్కుంటే కొత్తదైనా జారుతుంది. తీగ బ్రష్‌తో దులపండి, నూనె రాయొద్దు. తోపు ఒక దిశలోనే, వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి.

బార్‌నూనె:
రోలర్ సంగతి ఒప్పుకుంటున్నా, అది నా వాదంలో లేని ముక్క. పట్టీ మీద గీత పడితే మార్చడం కూడా సరే. లేనిపక్షంలో పన్ను సగానికి వచ్చిందని మార్చొద్దన్నదే నా మాట.

రంపపుపొట్టు:
పట్టీ మీద గీత చూసి నిర్ణయించడం నాకు స్పష్టంగా ఉంది. సైజు మార్చినప్పుడు డెప్త్ గేజ్ (పంటి ముందు ఉండి కోత లోతును అదుపు చేసే బొడిపె) కూడా ముట్టుకోవాలా?

మూడోరివెట్:
సైజు మార్చినందుకు కాదు, అంచు దిగినందుకు ముట్టుకోవాలి. మామూలు 3/8కు పంటి అంచుకూ గేజ్‌కూ తేడా 0.65 మి.మీ. ముందు పళ్లన్నీ అన్నిటికంటే పొట్టి పంటితో సమానం చేయండి, ఆ తర్వాతే గేజ్ కొలిచి చదును ఆకురాయితో దించండి. దించాక ముందు మూల గుండ్రంగా చేయడం మరవొద్దు, చదునుగా వదిలేస్తే కలపకు గుద్దుకుంటుంది. అంచు పదునుగా ఉన్నా పేళ్లకు బదులు పొట్టే రాలుతుంటే గేజ్ ఎత్తుగా ఉన్నట్టు. పంటి పైరేకు పొడవు 4 మి.మీ.కు వచ్చిందంటే ఏ సైజూ పట్టొద్దు, ఆ చెయిన్ తీసెయ్యండి.